గాలి, నీడ, ఆ తరువాతే గోడలు: 1938 నాటి విమానాశ్రయం నమూనా, నా పని డైరీ

జనవరి 5, ఆదివారం

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక నిన్న సాయంత్రం మేడ మీది గదికి చేరింది. మెట్ల మలుపులో తిరగకపోతే, తాళ్లు కట్టి వీధిలోంచి పైకి లాగాం. వడ్రంగి మేస్త్రి కింద చట్రం బిగించి, "ఇక దీని మీద మనిషి నిలబడినా వంగదమ్మా" అని చెప్పి వెళ్లారు. రెండేళ్లుగా నోటు పుస్తకాల్లో గీసుకుంటున్న విమానాశ్రయానికి ఇప్పుడు నేల దొరికింది.

ఏం కడుతున్నానో ముందు స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. కాలం 1938. చోటు నిజాం రాజ్యపు రాజధాని శివారు. బేగంపేట విమానాశ్రయం 1930లలో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఏర్పడింది. దాని తొలి టెర్మినల్ భవనం 1937 నాటిది. నేను దానికి నకలు తీయడం లేదు. అదే నేల, అదే ఎండ, అదే గాలి, అప్పటి విమానాలే తీసుకుని, ఆనాటి ఇంజనీరు కుర్చీలో కూర్చుని ప్లాను కొత్తగా గీస్తాను. గీసినదాన్ని కడతాను. వారమంతా అపార్ట్‌మెంట్ల డ్రాయింగులు గీసే ఉద్యోగం నాది. ఆదివారాలు మాత్రం ఈ పలకకు ఇచ్చేశాను.

బోయిన్‌పల్లిలో పుట్టి పెరిగాను. మేడ ఎక్కి దక్షిణంగా చూస్తే విమానాలు దిగడం కనిపించేది. నాన్న 30 ఏళ్లకు పైగా ఆ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పని చేశారు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక, మా వీధిలో రేడియో శబ్దం కూడా గట్టిగా వినిపించడం మొదలైంది. అప్పటి నుంచి ఈ కోరిక నాలో ఉంది.

కొలమానం తేల్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. చివరికి 1:144 ఖాయం చేశాను. ఈ కొలమానంలో నమూనాలోని 1 అంగుళం అసలులో సరిగ్గా 12 అడుగులు. అప్పటి ఇంజనీర్లు అడుగుల్లో, అంగుళాల్లో గీసేవారు కనుక నా పాత ఉక్కు స్కేలే సరిపోతుంది, లెక్కల యంత్రం అక్కర్లేదు. ఆరడుగుల మనిషి అర అంగుళం. టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానం రెక్కల వెడల్పు 29 అడుగుల 4 అంగుళాలు, బల్ల మీద అది రెండున్నర అంగుళాల లోపే. పలక మొత్తం 1152 అడుగుల పొడవు, 576 అడుగుల వెడల్పు గల స్థలం అవుతుంది. విమానాలు దిగే మైదానం ఇందులో పట్టదు, దాని ఉత్తరపు అంచు మాత్రమే వస్తుంది. నాకు కావలసింది ఆ అంచే. భవనాలు, షెడ్లు, నీళ్లు, పెట్రోలు, మనుషులు ఉండేది అక్కడే.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

ఈ రోజు కత్తి గానీ జిగురు గానీ ముట్టుకోలేదు. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తుంటే దిక్సూచి పట్టుకుని మేడ మీదే కూర్చున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుట్టుపక్కల మేడల మీది గాలిపటాలన్నీ పడమటి వైపుకే సాగాయి. తూర్పు గాలి. ఇదే మేడ మీద జులైలో ఆరేసిన దుప్పట్లు తూర్పు పిట్టగోడకు వెళ్లి చుట్టుకుంటాయి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది. ఏడాదిలో గాలి ఎదురు దిక్కుకు తిరిగినా దారి మాత్రం అదే, తూర్పు పడమరలు. బేగంపేట రన్‌వే కొసల మీద రాసి ఉండే 09, 27 అంకెల అర్థం కూడా ఇదే. దిక్సూచి మీద 90 డిగ్రీలు, 270 డిగ్రీలు, అంటే తూర్పు, పడమర.

1938లో ఇది ఇంకా ముఖ్యం. టైగర్ మాత్ లాంటి విమానానికి చక్రాలకు బ్రేకులు లేవు, తోక కింద ఒక ఇనుప కాలు నేలను గీసుకుంటూ వెళ్లేది. తేలికైన రెక్కలు, పక్క నుంచి గాలి కొడితే దొర్లిపోయేంత తక్కువ బరువు. అందుకే చాలా చోట్ల రన్‌వే అనే పట్టీ వేయకుండా విశాలమైన గడ్డి మైదానమే ఉంచేవారు. గాలి ఎటు నుంచి వస్తే అటు ముఖం పెట్టి దిగడమే. మైదానం మధ్యలో తెల్లటి వలయం, పక్కన ఊరి పేరు పెద్ద అక్షరాల్లో, ఒక స్తంభానికి విండ్‌సాక్ అనే గుడ్డ గొట్టం, నేల మీద తెల్లటి టి ఆకారపు గుర్తు ఉండేవి. ఆ టి నిలువు గీత వెంట, అడ్డగీత వైపుకు దిగాలి. పైనున్న పైలట్‌కు రేడియో లేకపోయినా ఇవి చాలు.

అందుకే ప్లానులో మొదటి గీత భవనానిది కాదు. పలక పొడవునా తూర్పు పడమరలుగా పెన్సిలుతో ఒక బాణం గీశాను, రెండు కొసలా మొనలతో. మిగతాదంతా ఆ బాణానికి ఉత్తరాన వస్తుంది.

జనవరి 26, ఆదివారం

నేల పని. ఇక్కడిది ఎర్ర చెలక నేల, కింద రాయి. వాన నీళ్లు నిలవవు, తొందరగా ఇంకిపోతాయి. నల్లరేగడి అయితే వానాకాలం నాలుగు నెలలూ చక్రాలు కూరుకుపోయేవి. మట్టి రంగు సీసాలో కొనడానికి మనసొప్పలేదు. పెరట్లో తవ్విన మట్టిని ఎండబెట్టి, పిండి జల్లెడతో ఒకసారి, పాత నూలు చీర ముక్కతో రెండోసారి వడగట్టాను. గుడ్డ కింద మిగిలిన పొడి కుంకుమలా మెత్తగా ఉంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ పలక మీద పూసి, ఆ పొడిని టీ వడపోతలోంచి చల్లాను. ఆరాక పైన ఊదితే ఒక్క రేణువు కదలలేదు. గడ్డికి రంపపు పొట్టు. దాన్ని పచ్చగా కాకుండా పసుపు, టీ డికాషన్ కలిపిన నీళ్లలో నానబెట్టాను. జనవరిలో దక్కను గడ్డి ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. చిత్రాల్లో చూసే ఇంగ్లండు పచ్చిక ఇక్కడ పరిస్తే అబద్ధమవుతుంది.

ఇక భవనం ఎటు పెట్టాలన్నది. మైదానానికి దక్షిణాన కట్టి ఉత్తరానికి ముఖం పెడితే, విమానాల రాకపోకలు గమనించే టవర్‌లో కూర్చున్నవారి వీపు వైపు సూర్యుడు ఉంటాడు. కంటికి హాయి. ఉత్తరాన కట్టి దక్షిణానికి ముఖం పెడితే చలికాలమంతా ఎండ ముఖాన కొడుతుంది. అయినా బేగంపేట పాత టెర్మినల్ రన్‌వేకు ఉత్తరానే ఉంది. దక్షిణం వైపు కొత్త టెర్మినల్ 1972లో వచ్చింది. నేనూ ఉత్తరమే ఎంచుకున్నాను. కంటోన్మెంటు అటే, మా బోయిన్‌పల్లీ అటే. కష్టమైన దిక్కు తీసుకుంటేనే నీడ గురించి గట్టిగా ఆలోచిస్తానని కూడా అనిపించింది.

లెక్క ఇలా తేలింది. హైదరాబాద్ అక్షాంశం దాదాపు 17.4 డిగ్రీలు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 8 అడుగుల వరండా వేస్తే ఆ ఎండలో 9 అడుగులకు పైగా గోడకు నీడ పడుతుంది. వరండా దూలం 10 అడుగుల ఎత్తున ఉంటే గోడ అడుగున ఒక జానెడు మాత్రమే ఎండ తగులుతుంది. అట్టతో ముక్క కత్తిరించి, టేబుల్ ల్యాంపును కోణమాని పక్కన దారం కట్టి 49 డిగ్రీలకు ఎత్తి చూశాను. నీడ గీత సరిగ్గా లెక్క చెప్పిన చోటే పడింది. గదిలో ఒంటరిగా ఉన్నా "పడింది!" అని పైకే అన్నాను.

జూన్‌లో సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళతాడు, అప్పుడు దక్షిణ గోడకు బాధ లేదు. అసలు శత్రువు పడమటి ఎండ. సాయంత్రం నాలుగు దాటాక ఎంత పొడుగు చూరు వేసినా కిందినుంచి దూరి వస్తుంది. అందుకే పడమటి కొసన మనుషులు కూర్చునే గది ఒక్కటీ లేకుండా, మెట్లు, సామాను కొట్టు పెట్టాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

గదుల పట్టిక రాశాను. రాసిన కొద్దీ భవనం చిన్నదవుతూ వచ్చింది, అది నాకు సంతోషం కలిగించింది. విమానాశ్రయం అనగానే మన కళ్ల ముందు పెద్ద హాలు కదులుతుంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి నడిపిన చిన్న విమానం పుస్ మాత్‌లో ఉన్నవి ఉత్తరాల సంచులు. అక్కడి నుంచి ఆయన సహచర పైలట్ నెవిల్ వింట్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చారు. తరువాతి ఏళ్లలో హైదరాబాద్ కూడా ఆ దారిలో మజిలీ అయింది. కొంచెం పెద్దదైన డ్రాగన్ రాపీడ్‌లో కూడా ఎనిమిది మందికి మించి కూర్చోలేరు. ఒక విమానం వచ్చి ఇంకొకటి పోయే వేళకు నిరీక్షణ గదిలో పదహారు మంది ఉంటే అదే తిరనాళ్ల రద్దీ. కాబట్టి 72 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు చాలు. బల్ల మీద 6 అంగుళాలు, 3 అంగుళాలు. మధ్యలో మేడ, దాని మీద అద్దాల టవర్ గది. 1928లో లండన్ క్రాయిడన్ విమానాశ్రయంలో టెర్మినల్‌కూ టవర్‌కూ ఒకే భవనంలో చోటు కల్పించారు. ఆ పద్ధతిని ఆనాటి ఇంజనీరు తప్పక చూసి ఉంటాడని అనుకుని తీసుకున్నాను.

ప్రయాణికుల గది కన్నా తపాలా గది పెద్దది గీశాను. తలుపు నేరుగా విమానాల వైపు తెరుచుకుంటుంది, సంచి మనుషుల మధ్యలోంచి వెళ్లనక్కర్లేదు. తరువాత తూకం గది. అప్పట్లో సామానుతో పాటు ప్రయాణికులనూ తూచేవారు. తూకపు యంత్రం అందరి కళ్ల ముందు ఉంటే ఆడవాళ్లు ఇబ్బంది పడతారు కనుక దానికి ఒక అడ్డుగోడ వేశాను. పరదా పాటించే స్త్రీలకు విడి గది, దానికి రోడ్డు వైపు నుంచి సొంత గుమ్మం. ఆ రోజుల్లో రైల్వే స్టేషన్లలోనూ ఈ ఏర్పాటు చేసేవారు.

హైదరాబాద్ కనుకనే కావలసిన గదులు కొన్ని ఉన్నాయి, వీటి దగ్గర చాలాసేపు ఆగాను. నిజాం రాజ్యానికి సొంత సుంకాల శాఖ ఉండేది, దాని పేరు కరోడ్‌గిరీ. సొంత తపాలా బిళ్లలు. సొంత నాణెం, హాలీ సిక్కా. 7 హాలీ సిక్కా రూపాయలు ఇంచుమించు 6 బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. బొంబాయి నుంచి దిగిన మనిషి ఈ దేశంలోనే ఉన్నా ఇంకో రాజ్యంలో దిగినట్టే. టాంగాకు డబ్బులు ఇవ్వాలన్నా జేబులోది మార్చుకోవాలి. అందుకని దిగినవాడు నడిచే వరుసలోనే గదులు పేర్చాను: ముందు కరోడ్‌గిరీ బల్ల, పక్కనే నాణేల మార్పిడి కిటికీ, ఆ తరువాత రోడ్డు వరండా. వెనక్కి తిరగాల్సిన అడుగు ఒక్కటీ లేదు.

రోడ్డు వైపు బస్సు ఆగే చోటు. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇక్కడ తప్పనిసరి.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఈ రోజు నాన్నను మేడ మీదికి తీసుకొచ్చాను. మోకాళ్ల నొప్పుల వల్ల మెట్లెక్కడం తగ్గించారు. కుర్చీ వేసి, ప్లాను ముందు పరిచి, ఒక్కో గదీ వివరించాను. పెన్సిలు వెనక కొసతో గీతల వెంట నెమ్మదిగా తిరిగారు. తపాలా గది దగ్గర తల ఊపారు. కరోడ్‌గిరీ గది దగ్గర నవ్వారు. మొత్తం తిరిగి వచ్చాక అడిగారు:

"అన్నీ బాగున్నాయమ్మా. విమానం రెండు గంటలు ఆలస్యమైతే మేమెక్కడ కూర్చోవాలి?"

నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది మంది ప్రయాణికులకు నీడ లెక్కలు కట్టాను. సామాను మోసేవారికి, పెట్రోలు పోసేవారికి, మైదానంలో పశువులను తోలేవారికి, గడ్డి కోసేవారికి ఒక్క చదరపు అడుగు గీయలేదు. నాన్న కోపంగా ఏమీ అనలేదు. మే నెల మధ్యాహ్నాలు ఎలా గడిచేవో చెప్పారు. చెప్పుల్లోంచి కాంక్రీటు వేడి పాదాలకు తగిలేదట. విమానం ఆగి ఉంటే దాని రెక్క కింద కూర్చునేవారట. "రెక్క నీడ జరిగినప్పుడల్లా మేమూ జరిగేవాళ్లం. పొద్దు వాలేసరికి విమానానికి ఈ పక్క నుంచి ఆ పక్కకు చేరేవాళ్లం" అన్నారు. ముప్పై ఏళ్లు ఆయన చేతి క్యారియరు మోసుకెళ్లడం చూశాను. అది ఎక్కడ కూర్చుని తిన్నారో ఈ రోజు వరకు అడగలేదు.

ఆయన కిందికి వెళ్లాక ప్లాను చెరిపేశాను. మొత్తం కాదు, టెర్మినల్‌కూ, విమానాలు నిలిపే హాంగర్‌కూ మధ్య ఖాళీగా ఉంచిన భాగం. అక్కడ అందం కోసం పూలమొక్కల వలయం గీసి ఉంది. దాని స్థానంలో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు షెడ్డు గీశాను. బల్ల మీద 2 అంగుళాలు, 1 అంగుళం. మూడు వైపులా తెరిపి, పడమట మాత్రం గోడ. పైన పెంకులు, ఎందుకంటే రేకు మే నెలలో పెనంలా కాలుతుంది. లోపల గోడ పొడవునా కూర్చోవడానికి షాబాద్ బండల అరుగు. ఉత్తరం వైపు రెండు వేపచెట్లు. చెట్లు భవనాల వరుస వెనకే ఉంటాయి కనుక విమానాలకు అడ్డు రావు.

నీళ్ల విషయం కూడా అప్పుడే తేల్చాను. ఆ కాలపు రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరుగా, ముస్లింలకు వేరుగా మంచినీళ్లు ఉండేవి. నేను ఆ కాలాన్నే కడుతున్నాను కాబట్టి అలాగే పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాను. ఈ ఇంజనీరు కుర్చీలో కూర్చున్నది నేను. అందరికీ కలిపి ఒకే చలివేంద్రం గీశాను, అది కాలానికి భిన్నమైన నిర్ణయమని ప్లాను అంచున నా చేతి రాతతోనే రాసి పెట్టాను.

మార్చి 9, ఆదివారం

పెట్రోలు కొట్టు. ఇప్పటి వరకు చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది.

పెట్రోలు ఆ రోజుల్లో 4 గ్యాలన్ల రేకు డబ్బాల్లో, రెండేసి డబ్బాలు ఒక చెక్క పెట్టెలో వచ్చేది. 4 గ్యాలన్లు అంటే 18 లీటర్ల పైచిలుకు. మన ఇళ్లలో ఒకప్పుడు బియ్యం, పప్పులు పోసుకున్న కిరసనాయిలు డబ్బా అదే. 1932లో టాటా విమానానికి అహ్మదాబాద్‌లో ఇలాంటి డబ్బాల్లోనే, ఎడ్లబండి మీద తెచ్చి పెట్రోలు పోశారు. టైగర్ మాత్ ట్యాంకులో 19 గ్యాలన్లు పడుతుంది, అంటే ఐదు డబ్బాలకు కొంచెం తక్కువ. ఆ ట్యాంకు ఉండేది పై రెక్క మధ్యలో. కాబట్టి ఒక మనిషి పైకెక్కి గరాటు పట్టుకోవాలి, ఇంకొకరు కింద నుంచి డబ్బా అందించాలి. గరాటులో మెత్తటి తోలు వేసి వడగట్టేవారు. తోలు పెట్రోలును వదిలి నీటిని ఆపుతుంది. ఆ నీటి చుక్క ఇంజనులోకి వెళితే ఆకాశంలో ఇంజను ఆగిపోతుంది. గరాటు పట్టుకున్న మనిషి చేతిలో పైలట్ ప్రాణం ఉందన్నమాట.

కొట్టు ఎక్కడ పెట్టాలి? గాలి తూర్పు పడమరల మధ్యే తిరుగుతుంది. కొట్టు తూర్పున పెట్టినా పడమట పెట్టినా ఏదో ఒక కాలంలో ఆవిరి భవనాల మీదికి వస్తుంది. అందుకే వరుసలో కాకుండా ఈశాన్య మూలకు, హాంగర్‌కు 200 అడుగుల దూరంలో వెనక్కి జరిపాను. రైల్వే వైపు నుంచి వచ్చే బండి దారి మాత్రం మైదానాన్ని తాకకుండా చుట్టూ తిరిగి అక్కడికి చేరుతుంది. చుట్టూ మోకాలెత్తు రాతి గోడ. డబ్బా పగిలినా పెట్రోలు ఆ గోడ దాటకూడదు. ఇసుక నింపిన ఎర్ర బకెట్లు వరుసగా ఎనిమిది.

డబ్బాలను అగ్గిపుల్లలతో చేశాను. ఈ కొలమానంలో డబ్బా ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల మందం డబ్బా కన్నా వెంట్రుకవాసి ఎక్కువ. నాలుగు వైపులా ఉప్పు కాగితం మీద రెండేసి సార్లు రుద్ది, బ్లేడుతో ముక్కలు కోసి, వెండి రంగు వేశాను. మొదట కోసినవి ఎగిరి ఎక్కడికో పోయాయి. పుల్లను తడి గుడ్డ మీద పెట్టి కోస్తే ఎగరవని ఇరవయ్యో ముక్క దగ్గర తెలిసింది. రాత్రి పదకొండుకు 64 డబ్బాలు తయారయ్యాయి, 32 పెట్టెలకు సరిపడా. చేతి వేళ్ల కొసలు వెండిలా మెరుస్తున్నాయి.

మార్చి 16, ఆదివారం

హాంగర్. 84 అడుగుల వెడల్పు, 96 అడుగుల లోతు, అంటే బల్ల మీద 7, 8 అంగుళాలు. 48 అడుగుల రెక్కలున్న డ్రాగన్ రాపీడ్, దాని పక్కన ఒక టైగర్ మాత్ పెడితే ఏడడుగుల లోపు జాగా మిగులుతుంది. కూలీలు తోక పట్టుకుని తోయడానికి అది ఇరుకే, కానీ ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పెడితే సరిపోతుంది. ఇనుప దూలాలకు రాణిగంజ్ నుంచి సన్న ఇత్తడి తీగ తెచ్చి టంకం వేశాను. రేకులకు వంటింటి అల్యూమినియం కాగితాన్ని సన్న పళ్ల దువ్వెన మీద పరిచి గోటితో నొక్కాను. గాడులు సమంగా పడ్డాయి.

పెద్దది ఎందుకు కట్టలేదంటే, కరాచీ షెడ్డు నా మనసులో ఉంది. ఇంగ్లండు నుంచి వాయువు నింపి తేలే భారీ ఎయిర్‌షిప్పులు వస్తాయని 1920ల చివర అక్కడ అతి పెద్ద షెడ్డు లేపారు. 1930 అక్టోబరు 5న ఆర్101 ఎయిర్‌షిప్ ఇండియాకు వస్తూ ఫ్రాన్సులో కూలి 48 మంది చనిపోయారు. ఆ షెడ్డులోకి ఒక్క ఎయిర్‌షిప్పూ రాలేదు. రేపటి కోసం ఇనుము పోయడం కన్నా రేపటి కోసం నేల వదలడం మంచిది. నా హాంగర్‌కు తూర్పున 10 అంగుళాలు, అంటే 120 అడుగులు, ఏమీ కట్టకుండా ఖాళీగా ఉంచాను. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడి డకోటా అనే పెద్ద విమానాలు నడిపింది. డకోటా రెక్కలు 95 అడుగులు. అవి వచ్చే రోజుకు చోటు సిద్ధంగా ఉంటుంది.

నష్టం కూడా జరిగింది. ఒక ఆన్‌లైన్ దుకాణం నుంచి తెప్పించిన రాపీడ్ పెట్టె మీద 1:144 అనే ఉంది. రెక్క కొలిస్తే 2.9 అంగుళాల దగ్గర ఆగింది, 4 అంగుళాలు రావాలి. అది 1:200. తిరిగి తీసుకోరట. డబ్బు పోయిన దానికన్నా మూడు వారాల ఎదురుచూపు పోయినందుకు బాధగా ఉంది. దాన్ని కొలతలకు వాడుకుని, సొంతంగా బాల్సా చెక్కతో చెక్కడం మొదలుపెట్టాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక రెండు గంటలే పని. టెర్మినల్ గోడలకు జల్లించిన సున్నం, కొద్దిగా పుట్టీ కలిపి పూశాను. మూలలు గుండ్రంగా తీర్చాను. ఆ దశాబ్దపు ఇళ్లలో కనిపించే ఆ నున్నటి వంపు నాకు ప్రాణం. గుమ్మటాలు, మినార్లు వద్దనుకున్నాను. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి ఆ ఠీవి తగుతుంది, ఎనిమిది మంది ఎక్కి దిగే చోటికి తగదు.

ఏప్రిల్ 13, ఆదివారం

రాపీడ్ పూర్తయింది, రెక్కల మధ్య తీగలు మాత్రం మిగిలాయి. వైర్‌లెస్ స్తంభాలు రెండు, విమానాల దారికి దూరంగా వాయవ్య మూలన నిలబెట్టాను. రాత్రి దిగేవారి కోసం కిరసనాయిలు దీపాలు కావాలి. పొడుగు మూతి ఉన్న నీళ్ల కూజా ఆకారంలో ఉండి, మూతిలో లావు వత్తి మండేవి. గాలికి ఆరిపోవు. ఆవాల మీద ఇత్తడి తీగ ముక్క అంటించి మూడు చేశాను, పన్నెండు కావాలి.

నాన్న మళ్లీ వచ్చారు. ఈసారి తానే అడిగి వచ్చారు. షెడ్డు ముందు వంగి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, లోపలి అరుగును చాలాసేపు చూశారు. మట్టితో చేసిన మనుషులు ఎనిమిది మంది ఒక మూతలో ఉన్నారు, ఇంకా ఎక్కడా నిలబెట్టలేదు. అందులోంచి ఒకరిని పట్టకారుతో తీసి, అరుగు మీద పడమటి గోడకు ఆనించి కూర్చోబెట్టమన్నారు. ఇంకొకరిని రెక్క మీద, గరాటు దగ్గర.

"వీడికి కింద నుంచి అందించేవాడేడీ?" అన్నారు.

మూడో మనిషిని కూడా తీశాం. విండ్‌సాక్‌కు పాత జేబురుమాలు అంచు కత్తిరించి కుట్టాను. గుండుసూది మీద తిరిగేలా పెట్టాను, ఏ కాలం కావాలంటే ఆ కాలానికి మార్చుకోవచ్చు. ఇప్పటికి కొసను పడమటికి తిప్పి, తెల్లటి టి అడ్డగీతను తూర్పు వైపు అంటించాను. సంక్రాంతి రోజు గాలి అది. వచ్చే వారం బస్సుకు ఎర్ర రంగు, మిగిలిన తొమ్మిది దీపాలు, షెడ్డు పక్కన చలివేంద్రం కుండలు.